పరీక్ష లేని తీపి

పిల్లవాడికి దగ్గొచ్చింది. డాక్టరు సిరప్ రాశాడు. తల్లి కొలిచి, బుజ్జగించి పట్టింది. 2025లో మధ్యప్రదేశ్ ఛింద్వాడా జిల్లా పరాసియా చుట్టుపక్కల ఇళ్లలో అంతకుమించి ఎవరూ ఏ తప్పూ చేయలేదు. పిల్లలకు మూత్రం ఆగిపోయింది, కిడ్నీలు పాడయ్యాయి. కొందరిని నాగపూర్ దాకా తీసుకెళ్లారు. 20 మందికి పైగా పసివాళ్లు దక్కలేదు.

ఆ మందు పేరు కోల్డ్‌రిఫ్. తమిళనాడు కాంచీపురం జిల్లాలోని శ్రీసన్ ఫార్మా అనే చిన్న కంపెనీ సరుకు. ఎస్ఆర్-13 బ్యాచ్‌లో 48.6 శాతం డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం ఉందని ల్యాబ్ తేల్చింది. ఉండదగిన హద్దు 0.1 శాతం. తెలంగాణ అధికారులు కూడా ఆ బ్యాచ్ వాడొద్దని ప్రజలను హెచ్చరించారు.

సిరప్‌లో మందు కరగడానికి ప్రొపిలీన్ గ్లైకాల్ కలుపుతారు. డైఇథిలీన్ గ్లైకాల్ కూడా చూడటానికి అలాగే ఉంటుంది: రంగు లేదు, చిక్కన, నాలుకకు తీపి. ఎంత అనుభవమున్న కన్నయినా పోల్చుకోలేదు, ల్యాబ్ పరీక్షే చెప్పాలి. అందుకే డ్రమ్ము ఎక్కడిది, ఎవరు పరీక్షించారు, ఎవరు సంతకం పెట్టారు అని నాణ్యతా ప్రమాణాలు అడుగుతాయి. చాలామందికి విసుగనిపించే ఆ రిజిస్టరే పసిబిడ్డకు కాపలా. శ్రీసన్ వాడింది అసలు ఔషధ గ్రేడు సరుకే కాదని తనిఖీలో బయటపడింది. ఆ పరీక్ష సరిగ్గా జరిగి ఉంటే ఆ బ్యాచ్ గేటు దాటేది కాదు.

డైఇథిలీన్ గ్లైకాల్ కొత్తగా తెలిసిన విషమూ కాదు. 1937లో అమెరికాలో మాసెన్‌గిల్ కంపెనీ సల్ఫా మందును ఇందులోనే కరిగించి అమ్మితే వందమందికి పైగా చనిపోయారు. మరుసటి ఏడాదే అక్కడ కొత్త చట్టం వచ్చింది. మన దగ్గర 2020లో జమ్మూ ప్రాంతంలోని రామ్‌నగర్‌లో పిల్లలు ఇదే విషంతో పోయారు.

చిన్న తయారీదారు కష్టం నాకు తెలియనిది కాదు. ల్యాబు, గాలి శుద్ధి యంత్రాలు, చదువుకున్న కెమిస్టు, అన్నిటికీ అప్పు చేయాలి. కొత్త నాణ్యతా ప్రమాణాలకు మారడానికి గడువు అడగడం న్యాయమే. కానీ గోడలు మార్చడానికి గడువు వేరు, వచ్చిన సరుకును పరీక్షించడానికి గడువు వేరు. రెండోదానికి ఒక్కరోజు కూడా ఇవ్వకూడదు. అది పాత నిబంధనల్లోనూ ఉన్నదే.

ఆ ప్రమాణాలు చెప్పే సవరించిన షెడ్యూల్ ఎం అమలుకు చిన్న, మధ్యతరహా మందుల కంపెనీలు గడువు పొడిగించమని కోరాయి. ప్రభుత్వం 2025 డిసెంబరు 31 దాకా ఇచ్చింది. శ్రీసన్ లైసెన్సు అక్టోబరులోనే రద్దయింది, ఫ్యాక్టరీ మూతపడింది, యజమాని అరెస్టయ్యాడు. గడువు ఇంకా రెండు నెలలకు పైగా మిగిలే ఉంది.