వాగ్గేయకారులంటే మగవాళ్ళేనా?

సొంతంగా పాట కట్టి పాడేవాళ్ళని ఇప్పుడు సింగర్-సాంగ్‌రైటర్ అంటున్నాం. మనకి ఎప్పట్నుంచో ఉన్న మాట వాగ్గేయకారుడు. ఎవర్నడిగినా అన్నమయ్య, త్యాగయ్య, రామదాసు అంటారు. మా బి.కొత్తకోట వైపు వాళ్ళూ అంతే. మదనపల్లె దాటాక వాయల్పాడు దగ్గరుండే తరిగొండ ఎవరికీ గుర్తు రాదు.

తరిగొండ వెంగమాంబ పుట్టింది 1730లో. బాల్యంలోనే పెళ్ళి, వైధవ్యం. జుట్టు తీయించుకోనంది, బొట్టు చెరుపుకోనంది. ఊరు ఊరుకుంటుందా? చివరికి తిరుమల చేరింది. నృసింహ శతకం, పాటలతో నడిచే యక్షగానాలు, ద్విపద భాగవతం, వేంకటాచల మాహాత్మ్యం... ఇన్ని రాసిన మనిషి, తను ఓనమాలైనా నేర్చుకోలేదని చెప్పుకుంది! 1817లో పోయింది.

అన్నమయ్య పాటల్ని రాగిరేకుల మీద చెక్కించారు. పక్కా బ్యాకప్ అన్నమాట. వెంగమాంబకి ఆ వైభోగం లేదు. అయినా తిరుమల ఏకాంతసేవలో తాళ్ళపాక వారి లాలి ఎంతో, తరిగొండ వారి ముత్యాలహారతీ అంతే. వెలేసినట్టు చూసిన లోకం ఆవిడ హారతిని మాత్రం ఆపలేకపోయింది.

2011లో మొదలైన తిరుమల అన్నప్రసాద భవనానికి ఆవిడ పేరే పెట్టారు. సంతోషమే. కానీ అక్కడ భోంచేసిన మనలో ఆవిడ రాసింది ఒక్క పేజీ చదివినవాళ్ళెందరు? పేరు బోర్డు మీద మిగిలి, పాట మనకి అందకపోతే అది గౌరవమెలా అవుతుంది? ఈసారి కొండకెళ్తే లడ్డూలతో పాటు ఆవిడ పుస్తకం కోసం కూడా అడిగి చూడండి.