కొత్త గ్లవ్ లొంగే దాకా

బేస్‌బాల్ మొదట్లో వట్టి చేతులతో ఆడిన ఆట. గట్టి బంతిని పట్టీ పట్టీ వేళ్లు వంకరపోయినా సరే, చేతికి తొడుగు వేసుకోవడం నామోషీ. 1870లో సిన్సినాటి రెడ్ స్టాకింగ్స్ క్యాచర్ డగ్ ఆలిసన్ నొప్పి భరించలేక జింకతోలు తొడుగులతో మైదానంలోకి దిగాడు. 1875లో సెయింట్ లూయిస్ ఆటగాడు చార్లీ వెయిట్ తొడుక్కున్నది ఒంటిరంగు గ్లవ్. నలుగురి కంటా పడకూడదనే ఆ రంగు ఎంచుకున్నానని, తనకు సిగ్గుగానే ఉందని వెయిట్ చెప్పినట్టు మరో ఆటగాడు ఆల్బర్ట్ స్పాల్డింగ్ తర్వాత రాశాడు. స్పాల్డింగ్‌కు మాత్రం అలాంటి మొహమాటం లేదు. 1877లో నల్ల గ్లవ్ దర్జాగా తొడుక్కుని ఫస్ట్ బేస్ దగ్గర నిలబడ్డాడు. అప్పటికే షికాగోలో ఆయనకు ఆటసామాన్ల వ్యాపారం ఉందనుకోండి! సిన్సినాటి సెకండ్ బేస్ ఆటగాడు బిడ్ మెక్‌ఫీ అయితే 1896 దాకా గ్లవ్ జోలికే పోలేదు.

ఆ తొలి గ్లవ్‌లను మచ్చిక చేసుకోవాల్సిన అవసరం పెద్దగా ఉండేది కాదు. దెబ్బ కాయడం వరకే వాటి పని. బంతిని పట్టేది చెయ్యే. అసలు మార్పు 1920లో వచ్చింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తోలుతాళ్లు అల్లితే బాగుంటుందని సెయింట్ లూయిస్ కార్డినల్స్ పిచర్ బిల్ డోక్ గ్లవ్‌లు తయారుచేసే రాలింగ్స్ కంపెనీకి సూచించాడు. దాంతో బంతి కూర్చునే గుంట ఒకటి ఏర్పడింది. ఆటగాళ్లు దాన్నే పాకెట్ అంటారు. 1957లో విల్సన్ కంపెనీ ఏ2000 మోడల్ వచ్చేసరికి గ్లవ్ బాగా పెద్దదై, తానే మడతపడి బంతిని ఒడిసిపట్టే సాధనమైంది.

చిక్కల్లా ఇక్కడే. పాకెట్‌ను కంపెనీ సగమే చేసి ఇస్తుంది. మందపాటి ఆవుతోలు కొత్తలో బిర్రబిగుసుకుని, ఎంత నొక్కినా మూసుకోదు. ఇక ఇంటింటి వైద్యం మొదలు. మన పెద్దలు కిర్రుచెప్పులకు ఆముదం పట్టించినట్టే, అమెరికా కుర్రాళ్లు పశువుల కాళ్ల ఎముకల నుంచి తీసిన నీట్స్‌ఫుట్ నూనె పట్టించేవారు. కొందరు షేవింగ్ క్రీము రుద్దుతారు. పాకెట్‌లో బంతి పెట్టి, బెల్టుతో బిగించి, పరుపు కింద దోపి దాని మీదే పడుకోవడం పిల్లల పద్ధతి. నూనె ఎక్కువైతే గ్లవ్ బరువెక్కి సాగిపోతుంది. తొందరపడి ఓవెన్‌లో పెట్టారా, తోలూ తాళ్లూ ఎండి పెళుసెక్కుతాయి.

విల్సన్ కంపెనీ గ్లవ్ నిపుణుడు షిగెయాకి ఆసో పని చూస్తే మాత్రం గుండె గుభేలుమంటుంది. కొత్త గ్లవ్ మీద వేడినీళ్లు పోసి, అటూ ఇటూ మడిచి, పాకెట్‌లో చెక్కసుత్తితో మోదుతాడు. తడిసిన తోలు ఎటు వంచితే అటు అలవాటుపడుతుంది మరి.

నన్నడిగితే, వీటన్నిటికన్నా రోజూ బంతి పట్టడమే మేలు. సుత్తి మనం కొట్టిన చోటే పడుతుంది. ఆటలో బంతి ఎక్కడ పడుతుందో ఆడేచోటును బట్టి ఉంటుంది. బంతిని చటుక్కున తీసి విసరాల్సిన ఇన్‌ఫీల్డర్‌కు లోతు తక్కువ పాకెట్ కావాలి, పరుగెత్తి అందుకునే ఔట్‌ఫీల్డర్‌కు లోతుది కావాలి. అందుకే చాలామంది ప్రొఫెషనల్ ఆటగాళ్లు మ్యాచ్‌కు పాత గ్లవ్‌నే వాడుతూ, తర్వాత వాడబోయేదాన్ని ముందు నుంచే ప్రాక్టీసులో తొడుక్కుంటూ ఉంటారు.