గోరు మీద గాడి, ధాత కరువు, ఒక పౌను గింజలు

"గోరు మీద తెల్లచుక్క ఉందా, అయితే మీకు కాల్షియం తక్కువ" అనే రీల్ మీకూ వచ్చే ఉంటుంది. ముందు దాని సంగతి తేల్చేద్దాం. ఆ చుక్కలు చాలావరకు గోరు మొదట్లో తగిలిన చిన్నచిన్న దెబ్బల వల్ల వస్తాయి. మరి గోరు ఏమీ చెప్పదా? చెప్తుంది. మా అనంతపురం కరువు కథతో కలిపి చూద్దాం.

1846లో పారిస్‌లో బో అనే డాక్టరు ఒక సంగతి రాశాడు. టైఫాయిడ్ లాంటి పెద్ద జ్వరం వచ్చి లేచినవాళ్ళ గోళ్ళ మీద అడ్డంగా గాడి పడుతోందని. ఒళ్ళు ప్రాణం నిలుపుకునే పనిలో పడితే గోరు పెరగడం కొన్నాళ్ళు ఆగుతుంది. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది కాబట్టి, గాడి ఎంత దూరం జరిగిందో చూసి జబ్బు ఎప్పుడు చేసిందో లెక్క కట్టొచ్చు. కోవిడ్ తర్వాత కూడా కొందరికి ఇవి కనిపించాయి. తిండి బాగా కరువైనా పడతాయి.

ఇప్పుడు 1876కి పోదాం. ధాత నామ సంవత్సరం, వానల్లేవు. పెద్దోళ్ళు ధాత కరువు అనేది దీన్నే. అప్పటికి అనంతపురం జిల్లానే లేదు, 1882లో విడదీసేదాకా బళ్ళారిలో భాగం. 1877లో వైస్రాయ్ లిట్టన్, సర్ రిచర్డ్ టెంపుల్‌ను మద్రాసు రాజధానికి పంపాడు, ఖర్చు అదుపు చెయ్యమని. ఈ టెంపులే 1874 బీహార్ కరువులో ధారాళంగా ఖర్చుపెట్టి జనాన్ని బతికించి, దానికి తిట్లు తిన్నవాడు. ఈసారి ఆ తిట్లు వద్దనుకున్నాడని నాకనిపిస్తుంది. కరువు పనిలో ఎండంతా కష్టపడే మగమనిషికి ఒక పౌను గింజలు, పైన ఒక అణా చాలన్నాడు. పౌనంటే 450 గ్రాములు. ఆడవాళ్ళకి, పిల్లలకి ఇంకా తక్కువ.

మద్రాసు శానిటరీ కమిషనర్ కోర్నిష్ ఒప్పుకోలేదు. ఆయన డాక్టరు. రాళ్ళు కొట్టే మనిషికి కనీసం 680 గ్రాముల గింజలు, వాటితోపాటు కూరగాయలు, పప్పు కావాలని వాదించాడు. 1877 మార్చిలో మద్రాసు ప్రభుత్వం సగం దారికి వచ్చింది: 570 గ్రాములు, కొంచెం పప్పు. ఈ గ్రాముల తగాదా నడుస్తున్నన్నాళ్ళూ జనం చస్తూనే ఉన్నారు. ఒకాయన ఖాతా పుస్తకం చూశాడు, ఇంకొకాయన ఒళ్ళు చూశాడు. తేడా అక్కడే ఉంది.

ఇప్పుడు మా ఊళ్ళలో అలాంటి కరువు చావుల్లేవు. రక్తహీనత మాత్రం ఉంది. ఐరన్ బాగా తగ్గితే గోరు పలచబడి, చదునై, చివరికి చెంచాలా గుంటపడుతుంది. నీటి చుక్క వేస్తే అందులో నిలుస్తుంది. కానీ అంతదాకా రావడానికి చాలాకాలం పడుతుంది, అందరికీ రాదు కూడా. గోరు బాగుంది కాబట్టి రక్తం బాగుందనుకుంటే పొరపాటే. హిమోగ్లోబిన్ పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. గర్భం లేని ఆడవాళ్ళకి 12 గ్రాముల కంటే తక్కువుంటే రక్తహీనతే. దేశంలో గర్భిణులకి, పిల్లలకి ఐరన్ మాత్రల కార్యక్రమం 1970లోనే మొదలైంది.

ఇంకో మాట. ఆషాఢంలో మన ఆడవాళ్ళ గోళ్ళన్నీ గోరింటాకుతో ఎర్రగా ఉంటాయి కదా, పాలిపోయిన రంగు దాని కింద కనిపించదు. అందుకే చూసేవాళ్ళు గోరుతో ఆగకుండా కింది కనురెప్ప లాగి లోపలి రంగు కూడా చూస్తారు.