తిరామిసు వయసెంత? ఓవెన్ అక్కర్లేని స్వీటు వెనక కథ

ఈ ఎపిసోడ్ వంటింట్లో మొదలై, హిస్టరీలోకి వెళ్లి, మళ్లీ వంటింటికే వస్తుంది. దానికి కారణం మా అక్క.

పోయినేడు అక్క పురుటికి మా ఇంటికొచ్చింది. బాబు పుట్టాడు. బాలింతకి మా అమ్మ పెట్టే తిండి ఎలా ఉంటుందో మీ ఇళ్లల్లోనూ చూసే ఉంటారు. కాయం, వెల్లుల్లి కారం, వేడి వేడి అన్నం, నెయ్యి. మూడో నెల వచ్చేసరికి అక్క నన్ను పక్కకి పిలిచి, "ఒరేయ్, తిరామిసు తినాలనుందిరా. బయట కొనకు, ఇంట్లోనే చెయ్యి" అంది. ఓవెన్ అక్కర్లేదు కదా, నాలాంటి వాడికి ఈజీ అనుకుని మొదలుపెట్టా. పచ్చసొనల్లో చక్కెర వేసి గిలక్కొడుతుంటే అమ్మ వచ్చింది.

"అది పచ్చి గుడ్డేగా? బాలింతకి పచ్చి గుడ్డు పెడతావా? పైగా ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటిదా? ఎవడు కనిపెట్టాడ్రా ఈ వంట?"

నా దగ్గర జవాబు లేదు. స్వీటు అక్కడే ఆగింది, వెతకడం మొదలైంది. తీరా చూస్తే, ఈ స్వీటు గురించి చెప్పుకునే కథల్లో ఒకదాంట్లో బాలింతే హీరోయిన్.

ముందు పేరు చూద్దాం. ఇటాలియన్‌లో "తిరామి సు" అంటే "నన్ను పైకి లేపు" అని. నీరసంగా ఉన్నాను, కాస్త ఓపిక తెప్పించు అన్నట్టు. కాఫీలో ముంచిన సవోయార్డి బిస్కెట్లు, వాటి మీద గుడ్డు, చక్కెర, మాస్కర్‌పోనే చీజ్ కలిపిన క్రీమ్, పైన కోకో పొడి. ఇంతే స్వీటు.

ఇది ఎప్పటిది అని ఇంటర్నెట్‌లో అడిగితే ఒక రాజుగారి కథ వస్తుంది. 17వ శతాబ్దంలో మెడిచి వంశపు డ్యూక్ మూడో కోసిమో సియెనా నగరానికి వస్తే, ఆయన కోసం తయారు చేశారట. వినడానికి బాగుంది. కానీ మా సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఒక అలవాటుంది. ఒక ప్రోగ్రామ్ ఎప్పటిదో తెలియకపోతే, అది నడవడానికి ఏమేం కావాలో చూస్తాం. కావాల్సినవి అప్పటికి లేకపోతే ప్రోగ్రామ్ కూడా అప్పటిది కాదు. తిరామిసుని కూడా అలాగే విప్పి చూద్దాం.

బిస్కెట్లు పాతవే. సవోయార్డి అనే పేరు సవోయ్ రాజవంశం నుంచి వచ్చింది. కాఫీ కూడా 17వ శతాబ్దానికి ఇటలీలో ఉంది. ఇక మాస్కర్‌పోనే. పాల మీది క్రీమ్‌ని వేడి చేసి, పులుపు వేసి చిక్కబరిస్తే వచ్చేది ఇది. దీని సొంతూరు ఉత్తరాన లొంబార్డీ ప్రాంతం. త్వరగా పాడైపోతుంది కాబట్టి పాత రోజుల్లో ఎక్కువగా చలికాలంలోనే చేసుకునేవారు. సియెనా వంటిళ్లలో రోజూ ఉండే సరుకు కాదు. అన్నిటికంటే ముఖ్యం, గుడ్డు కలిసిన ఈ క్రీమ్ గంటల తరబడి చల్లగా ఉండాలి. ఇటలీలో మామూలు ఇళ్లలోకి ఫ్రిజ్ వచ్చింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1950, 60ల్లో దేశం ఆర్థికంగా ఎదిగినప్పుడు.

ఇంకో సాక్ష్యం ఉంది. పెల్లెగ్రీనో ఆర్తూసి 1891లో రాసిన వంటల పుస్తకం ఇటాలియన్ ఇళ్లలో పెద్దబాలశిక్ష లాంటిది. అందులో "జుప్పా ఇంగ్లేజె" అని ఒక స్వీటుంది. మద్యంలో ముంచిన బిస్కెట్లు, మధ్యలో కస్టర్డ్. తిరామిసుకి పెద్దమ్మ వరస అనుకోవచ్చు. కానీ తిరామిసు మాత్రం ఆ పుస్తకంలో లేదు. అంటే రాజుగారి కథ తర్వాత అల్లిందే. మనం ప్రాచీనం అనుకునే ఈ స్వీటు, మన అమ్మమ్మల కంటే చిన్నది.

మరి ఎక్కడ పుట్టింది? ఇక్కడ గొడవ మొదలవుతుంది.

వెనిస్‌కి ఉత్తరాన దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో ట్రెవీజో అనే ఊరుంది. అక్కడ "లె బెక్కెరియె" అనే రెస్టారెంట్‌ని ఆదో కాంపెయోల్, ఆయన భార్య ఆల్బా నడిపేవారు. వాళ్ల దగ్గర స్వీట్లు చేసే చెఫ్ రొబెర్తో లింగ్వానొట్టో. 1972లో తిరామిసు వాళ్ల మెనూలోకి ఎక్కింది. అది ఎలా పుట్టిందనే దానికి రెండు కథలు చెబుతారు. ఒకటి, లింగ్వానొట్టో ఐస్‌క్రీమ్ చేస్తుంటే గుడ్లు, చక్కెర ఉన్న గిన్నెలో కొంచెం మాస్కర్‌పోనే పొరపాటున పడింది, రుచి చూస్తే బ్రహ్మాండంగా ఉంది.

రెండో కథ మనది. ఆల్బాకి కొడుకు పుట్టాడు. నీరసంగా ఉంటే అత్తగారు బలానికని గుడ్డు, చక్కెర గిలక్కొట్టిన క్రీమ్‌లో కాఫీ కలిపి పెట్టింది. తర్వాత ఆల్బా ఆ రుచిని గుర్తుపెట్టుకుని రెస్టారెంట్‌లో స్వీటుగా మార్చింది. ఇందులో నమ్మలేనిదేం లేదు. ట్రెవీజో ప్రాంతంలో పచ్చసొనని చక్కెరతో నురగ వచ్చేదాకా కొట్టి "స్బాతుదిన్" అని చేసేవారు. పిల్లలకి, ముసలివాళ్లకి, బాలింతలకి పెట్టేవారు. మన కాయం ఎందుకో, వాళ్లకి అది అందుకు.

ఈ మాట చెప్పగానే అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. "అయితే అక్కడ కూడా అత్తగార్లు ఇంతేనన్నమాట" అంది.

కానీ పక్క రాష్ట్రం ఊరుకోలేదు. ట్రెవీజో ఉన్నది వెనెటోలో. దాని తూర్పున ఫ్రియులి వెనెజియా జూలియా. "మేమే ముందు" అని వాళ్ల వాదన. తోల్మెజ్జో అనే ఊళ్లో నోర్మా పియెల్లి అనే ఆవిడ 1950ల్లోనే తన హోటల్లో ఈ స్వీటు పెట్టిందంటారు. పియెరిస్ అనే ఇంకో ఊళ్లో మారియో కోసోలో అంతకంటే ముందే, 1940ల్లో, ఇలాంటి పేరుతోనే కప్పులో ఒక స్వీటు ఇచ్చేవాడంటారు. 2016లో క్లారా, జీజీ పదొవాని అనే భార్యాభర్తలు తిరామిసు మీద ఒక పుస్తకం రాసి ఈ ఫ్రియులి కథల్ని బయటికి తెచ్చారు. 2017లో ఇటలీ వ్యవసాయ శాఖ సంప్రదాయ ఆహారాల జాబితాలో తిరామిసుని ఫ్రియులి పేరు మీద చేర్చింది. వెనెటో గవర్నర్ లూకా జాయా అది కుదరదని గట్టిగా అభ్యంతరం చెప్పాడు. ఒక స్వీటు కోసం రెండు ప్రభుత్వాలు! నవ్వొస్తుంది కానీ, ఒక ఊరి పేరు మీద స్వీటు ఉంటే టూరిస్టులు ఆ ఊరికి వస్తారు. ట్రెవీజోలో 2017 నుంచి తిరామిసు వరల్డ్ కప్ కూడా పెడుతున్నారు.

మరి ఎవరిది రైట్? నాకనిపించేది చెప్తా. పొరలు పొరలుగా వేయడం పాత అలవాటు. గుడ్డు, చక్కెర కొట్టి బలానికి పెట్టడం ఇళ్లల్లో ఉన్నదే. పేరు కూడా ఒకటి కంటే ఎక్కువ చోట్ల తిరిగింది. కాఫీ, సవోయార్డి, మాస్కర్‌పోనే, కోకో కలిసిన ఈ రూపానికి ప్రపంచంలో పేరు తెచ్చింది మాత్రం ట్రెవీజో రెస్టారెంటే. మొదలుపెట్టినవాళ్లు వేరు, నిలబెట్టినవాళ్లు వేరు కావచ్చు. మన చదువులో "కనిపెట్టినది ఎవరు?" అనే ఒక మార్కు ప్రశ్నకి ఒక్క పేరే రాయాలి. వంటకి ఆ ప్రశ్న కుదరదు.

ఇక్కడ నాకు బాధనిపించిన విషయం ఇంకోటుంది. కాంపెయోల్ కుటుంబం దీని మీద పేటెంట్ తీసుకోలేదు. మా భాషలో చెప్పాలంటే ఓపెన్ సోర్స్. అందుకే ఎవరైనా చేశారు, ఎక్కడైనా అమ్మారు. 1990 ప్రాంతంలో జపాన్‌లో తిరామిసు పిచ్చి పట్టింది. 1993లో వచ్చిన "స్లీప్‌లెస్ ఇన్ సియాటిల్" సినిమాలో తిరామిసు అంటే ఏంటో తెలియక హీరో కంగారుపడే సీన్ ఉంటుంది. అంటే అప్పటికి అమెరికాలో అది అంత కొత్త. ఇవాళ హైదరాబాద్‌లో ఏ కేఫ్‌కి వెళ్లినా ఉంటుంది. కానీ 2014లో ఆ కుటుంబం లె బెక్కెరియెని మూసేసింది. తర్వాత వేరే వాళ్లు తెరిచారు. ఆదో కాంపెయోల్ 2021లో 93 ఏళ్లకి, లింగ్వానొట్టో 2024లో 81 ఏళ్లకి పోయారు. ప్రపంచమంతా తిన్న స్వీటు, వాళ్ల షాపుని నిలబెట్టలేకపోయింది.

వాళ్లకి పేరైనా మిగిలింది. స్బాతుదిన్‌ని ముందు ఎవరు చేశారో ఏ పుస్తకంలోనూ లేదు. కాయం ముందు నూరినావిడ పేరు కూడా అంతే. ఎవరో నీరసంగా ఉన్నారు, ఇంకెవరో లేచి వాళ్ల కోసం గిన్నె తీసుకున్నారు. చాలా వంటల హిస్టరీలో మొదటి పేజీ ఇదే.

సరే, ఇప్పుడు చేద్దాం. నలుగురైదుగురికి కొలతలు: పచ్చసొనలు 3, చక్కెర 75 గ్రాములు, మాస్కర్‌పోనే 250 గ్రాములు, సవోయార్డి 20 దాకా, చిక్కటి కాఫీ 250 మిల్లీలీటర్లు, చక్కెర లేని కోకో పొడి. 2010లో ట్రెవీజోలో నోటరీ దగ్గర నమోదు చేయించిన రెసిపీలో కూడా తెల్లసొన లేదు, మద్యం లేదు. కాబట్టి రమ్ము వేయకపోతే అసలుది కాదని ఎవరైనా అంటే నమ్మకండి.

మొదటిది కాఫీ. మన ఫిల్టర్‌లో తీసిన డికాక్షన్ చాలు, పాలు వద్దు. పూర్తిగా చల్లారాలి. నేను మొదటిసారి వేడి కాఫీలో ముంచితే బిస్కెట్లు కరిగి జావ అయిపోయాయి.

రెండోది గుడ్డు. అమ్మ భయం కరెక్టే, పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. అందుకని ఒక గిన్నెలో నీళ్లు సన్నగా మరగనిచ్చి, దాని మీద ఇంకో గిన్నె పెట్టండి. పై గిన్నె అడుగు నీళ్లకి తగలకూడదు. అందులో పచ్చసొనలు, చక్కెర వేసి ఆపకుండా గిలక్కొట్టండి. రంగు తెల్లబడి, గరిటెకి పట్టుకునేంత చిక్కబడాలి. థర్మామీటర్ ఉంటే 71 డిగ్రీలు దాటిందో లేదో చూడండి. ఆపితే మాత్రం గుడ్డు పొరటు అయిపోతుంది. తర్వాత చల్లారనివ్వండి. గుడ్డు తినని ఇళ్లల్లో, దీని బదులు 200 మిల్లీలీటర్ల విప్పింగ్ క్రీమ్‌ని చక్కెరతో నురగలా కొట్టి వాడుకోవచ్చు.

మూడోది, మాస్కర్‌పోనేని కాసేపు ముందే బయటపెట్టి, మెత్తబడ్డాక నెమ్మదిగా కలపండి. మిక్సర్‌తో ఎక్కువ కొడితే విరిగిపోతుంది.

నాలుగోది, బిస్కెట్‌ని కాఫీలో ఒక సెకను ముంచి, తిప్పి ఇంకో సెకను, తీసెయ్యండి. ఒక వరస బిస్కెట్లు, ఒక పొర క్రీమ్, మళ్లీ అదే. మూతపెట్టి ఫ్రిజ్‌లో కనీసం 6 గంటలు. ఓవెన్ చేయాల్సిన పని బిస్కెట్ చేసినవాళ్లు ముందే చేసేశారు, మిగతాది ఫ్రిజ్ చూసుకుంటుంది. కోకో మాత్రం తినే ముందు జల్లెడతో చల్లండి.

రెండోసారి నాకు కుదిరింది. కొంచెం కాఫీ ఫర్వాలేదా అని అక్క ముందే డాక్టర్‌ని అడిగి పెట్టుకుంది. ఫ్రిజ్‌లోంచి తీశాక అమ్మ పది నిమిషాలు బయటే ఉంచింది, "మరీ చల్లగా వద్దు" అని. బాబుని ఒళ్లో వేసుకుని అక్క గిన్నె ఖాళీ చేసింది. చివర్లో అమ్మ కూడా ఒక స్పూను తిని, "చేదుగా ఉంది, కానీ బాగుంది. ఈసారి చక్కెర ఇంకాస్త వెయ్యి" అంది. అలా మా ఇంట్లో ఇంకో కొత్త రకం పుట్టింది. ఫ్రియులి వాళ్లకీ, వెనెటో వాళ్లకీ చెప్పకండి.

మీ ఇంట్లో బాలింతలకి ఏం పెడతారో, దాన్ని ఎవరు నేర్పారో కామెంట్లలో రాయండి. ఆ పేర్లు ఎక్కడో ఒకచోట ఉండాలి కదా.