నలువదియొక్క యేండ్ల వ్యాజ్యము

1923 ఫిబ్రవరిలో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము భగత్ సింగ్ థిండ్ అను పంజాబీయుని వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, భారతీయులు శ్వేతజాతీయులు కారు గనుక ఆ దేశపు పౌరసత్వమునకు అర్హులు కారని నిర్ణయించెను. మరుసటి నెలలోనే ముప్పదినాలుగేండ్ల బ్రూక్లిన్ న్యాయవాది యొకడు ప్రతినిధి సభకు సభ్యుడయ్యెను. ఆతడు ఎమాన్యుయెల్ సెల్లర్.

జర్మనీనుండి వలసవచ్చినవారి వంశమున 1888లో జన్మించిన సెల్లర్, కళాశాలలో నుండగనే తలిదండ్రులను కోల్పోయెను. ఉదయము పాఠములు వినుచు, మధ్యాహ్నము తండ్రివలె ద్రాక్షసారా అమ్ముచు, ఇంటిని నెట్టుకొని వచ్చి 1912లో కొలంబియాలో న్యాయశాస్త్ర పట్టము నందెను.

1924లో వచ్చిన వలసల చట్టము ఆసియావాసులకు దాదాపుగా తలుపు మూసివేసెను. ఐరోపా దేశములకుగూడ 1890 నాటి జనాభా లెక్కలనే కొలబద్దగా తీసికొనెను. ఎందుకన, ఆనాటికి దక్షిణ, తూర్పు ఐరోపావారు అమెరికాలో బహుకొలదిమంది. వారి వాటా తనంతట తగ్గును! క్రొత్త సభ్యుడు సెల్లర్ దీనిని గట్టిగా ప్రతిఘటించి ఓడెను. ఆ ఓటమిని మాత్ర మాతడు మరువలేదు.

1946లో ప్రతిపక్షమునకు చెందిన క్లేర్ బూత్ లూస్‌తో చేయి కలిపి భారతీయులకు, ఫిలిప్పీనులకు పౌరసత్వపు హక్కు సంపాదించెను. భారతదేశమునకు లభించిన వాటా ఏటికి నూరుగురే. అది కంటితుడుపు అనిపింపవచ్చును. కాని అసలు లాభము సంఖ్యలో లేదు. ఆ చట్టమువలన 1949లో పౌరుడైన దలీప్ సింగ్ సౌంద్, 1956లో కాలిఫోర్నియానుండి ఎన్నికై అదే సభలో సెల్లర్‌తోపాటు కూర్చుండెను.

న్యాయవ్యవహారముల సంఘమునకు సెల్లర్ ఇరువది సంవత్సరములకు మించి అధ్యక్షుడు. సంఘము విచారణకు చేపట్టని బిల్లు సాధారణముగా అక్కడనే సమాధి యగును. 1964 నాటి పౌరహక్కుల చట్ట మా సంఘము గుండనే నడిచినది. మరుసటి యేట, 1965 అక్టోబరు 3న, స్వాతంత్ర్య దేవతా విగ్రహము పాదములకడ అధ్యక్షుడు జాన్సన్ క్రొత్త వలసల చట్టముపై సంతకము చేసెను. 1924 నాటి జాతివాటాలు రద్దయ్యెను. తరువాతి దశాబ్దములలో మన తెలుగు వైద్యులు, ఇంజనీర్లు అనేకు లా దారినే వెడలిరి.

అయితే తలుపులు తెరచిన యీ చేయియే స్త్రీల సమానహక్కుల సవరణను సంవత్సరముల తరబడి సంఘములో అణచివేసెను. 1972లో స్వపక్షపు ప్రాథమిక ఎన్నికలో, ఆ సవరణను సమర్థించిన ముప్పదేండ్ల న్యాయవాది ఎలిజబెత్ హోల్ట్‌జ్‌మన్ కొలది వందల ఓట్లతో ఆతని నోడించినది. ఏబదేండ్లకు కొలది నెలలే తక్కువగా ఉన్న సభ్యత్వము 1973 జనవరిలో ముగిసెను. సెల్లర్ 1981లో కన్నుమూసెను.