ఇంగ్లీష్ కర్టెన్ మీద బందరు పువ్వు

కొత్తగా ఇల్లు మారినవాళ్లందరూ చేసే పని ఒకటుంది. రాత్రి పదకొండుకి పడుకుని, ఫోన్ మొహం మీద పెట్టుకుని, "బెడ్‌రూమ్ డెకర్ ఐడియాస్" అని వెతకడం. హాల్‌కి ఒక ఫోల్డర్, బెడ్‌రూమ్‌కి ఒకటి, వర్క్ డెస్క్ ఉన్న మూలకి ఇంకొకటి. నేనూ మొన్న మియాపూర్‌లో టూ బీహెచ్‌కే తీసుకున్నప్పుడు ఇదే చేశా. దాదాపు ప్రతి ఫోల్డర్‌లోనూ ఒకే రకం గుడ్డ కనపడింది. తెల్లటి నేల, దాని మీద మెలికలు తిరిగే తీగలు, ఎర్ర పువ్వులు, అక్కడక్కడా ఒక పిట్ట. కింద పేరేమో "ఇంగ్లీష్ కాటేజ్ స్టైల్", "వింటేజ్ ఫ్లోరల్", "షింట్జ్".

షింట్జ్ అనే మాట ఎక్కడిదో చూద్దామని వెతికితే ఆ రాత్రి నిద్ర పోయింది. అది మన దేశపు "ఛీంట్". చుక్కలు, చినుకులు అనే అర్థం ఉన్న మాట. తెలుగులో అదే చీటి. మీ అమ్మమ్మ "చీటి గుడ్డ", "చీటి పరికిణీ" అనడం విని ఉంటే, ఇంగ్లీషువాళ్లు అంటున్నదీ ఆ మాటే. మంచం మీద పరిచే పెద్ద గుడ్డని వాళ్లు "పాలంపూర్" అన్నారు. అది మన "పలంగ్‌పోష్". పలంగ్ అంటే మంచం, పోష్ అంటే కప్పు. అంటే బెడ్‌షీట్. లండన్ మ్యూజియంలో అద్దం వెనకాల పెట్టిన దాని అసలు పేరు బెడ్‌షీట్.

సో ఈ ఎపిసోడ్‌లో డెకర్ టిప్స్ కంటే ముందు, ఈ గుడ్డ ఏ గదిలోకి ఎలా దూరిందో చెప్తా.

ముందు హాల్. ఇప్పుడు మనం హాల్ అంటున్నాం గానీ అప్పట్లో దర్బారు. 1660లలో ఫ్రాన్సువా బెర్నియే అనే ఫ్రెంచి వైద్యుడు మొఘల్ కొలువులో ఉన్నాడు. ఔరంగజేబు వేడుకల కోసం వేసిన పెద్ద డేరా గురించి ఆయన రాశాడు. బయట ఎర్ర గుడ్డ. లోపల మాత్రం మచిలీపట్నం చీటి గుడ్డలు, అందుకోసమే ప్రత్యేకంగా వేయించినవి. పువ్వులు ఎంత సహజంగా ఉన్నాయంటే తోట మధ్యలో కూర్చున్నట్టు అనిపించిందట. ఢిల్లీ చక్రవర్తి హాల్‌కి వాల్‌పేపర్ బందరు నుంచి వెళ్లింది. నాకు ఇది బాగా కిక్ ఇచ్చిన విషయం, ఒప్పుకుంటా. అదే కాలంలో టావెర్నియే అనే వజ్రాల వ్యాపారి కూడా, కలంతో గీసిన ఈ గుడ్డలు గోల్కొండ రాజ్యంలో, ముఖ్యంగా మచిలీపట్నం చుట్టుపక్కల తయారవుతాయని రాసి పెట్టాడు.

రెండోది స్టడీ రూమ్. లండన్‌లో శామ్యూల్ పీప్స్ అని నౌకాదళం ఆఫీసులో పెద్ద ఉద్యోగి. ఈయనకి రోజూ డైరీ రాసే అలవాటు. 1663 సెప్టెంబర్ 5న, భార్య కొత్త స్టడీ రూమ్ గోడలకి వేయడానికి రంగులు వేసిన ఇండియన్ గుడ్డ కొన్నానని రాసుకున్నాడు. "చింట్" అంటే ఏమిటో కూడా అక్కడే వివరించుకున్నాడు. అంటే ఆ మాట అప్పటికి లండన్‌లో ఇంకా కొత్త. ఈ రోజు మనం వర్క్ ఫ్రమ్ హోమ్ మూలకి బ్యాక్‌డ్రాప్ వెతుక్కుంటున్నాం కదా, సరిగ్గా అదే పని.

ఇంతకీ మచిలీపట్నమే ఎందుకు? గోల్కొండ సుల్తానుల ప్రధాన రేవు అది. బందరు అన్న మాటకే రేవు అని అర్థం. డచ్చివాళ్లు వచ్చారు, వాళ్ల వెనకే 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వచ్చి అక్కడ గిడ్డంగి పెట్టుకుంది. నిజానికి వాళ్లు మొదట్లో ఈ గుడ్డలు కొన్నది ఇళ్ల అలంకరణకి కాదు. ఇండోనేషియా దీవుల్లో మిరియాలు, లవంగాలు కావాలంటే అక్కడివాళ్లు వెండి కంటే మన గుడ్డనే ఎక్కువ ఇష్టపడేవారు. ఇంటికి తీసుకెళ్లింది ఆ తర్వాత.

తీసుకెళ్లాక వాళ్ల మతి పోయింది. కారణం డిజైన్ కాదు, ఉతకడం. యూరప్‌లో అప్పటిదాకా నూలు గుడ్డ మీద బొమ్మ వేస్తే అది పైన అంటుకున్న రంగు, నీళ్లు తగిలితే కారిపోయేది. మన గుడ్డ ఎన్నిసార్లు ఉతికినా రంగు దిగేది కాదు. ఈ టెక్నిక్ దగ్గర కాస్త ఆగుదాం, ఇంజనీర్‌గా నాకు బాగా నచ్చింది ఇదే.

మనవాళ్లు చాలాచోట్ల అసలు రంగు వేయరు. ముందు గుడ్డని శుభ్రం చేసి, కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఆరబెడతారు. పాలలో ఉన్న కొవ్వు వల్ల మీద వేసింది పాకిపోదు. తర్వాత వెదురు కలానికి గుడ్డో ఉన్నో చుట్టి, పాత ఇనుప ముక్కలు బెల్లం నీళ్లలో ఊరబెట్టిన కషాయంతో గీత గీస్తే, కరక్కాయతో కలిసి నల్లగా తేలుతుంది. ఎరుపు కావాల్సిన చోట పూసేది పటిక నీళ్లు. పటికకి చెప్పుకోదగ్గ రంగే లేదు. తర్వాత గుడ్డ మొత్తాన్ని చిరివేరు వేసి మరిగిస్తారు. పటిక ఉన్నచోట మాత్రమే ఎరుపు నూలు పోగుని పట్టుకుంటుంది, మిగతాది కాలవలో ఉతికితే పోతుంది. నీలం అయితే పూర్తిగా రివర్స్. నీలం వద్దనుకున్న చోటంతా మైనం పూసి, గుడ్డని నీలిమందు తొట్టిలో ముంచుతారు. పసుపు పూసి నీలం మీదకి తెస్తే ఆకుపచ్చ.

అంటే ఒక ఎర్ర పువ్వు, ఒక ఆకుపచ్చ ఆకు రావాలంటే గుడ్డ పదిసార్లు నీళ్లలోకి వెళ్లాలి, పదిసార్లు ఎండాలి. ఒక్క పలంగ్‌పోష్‌కి వారాలు పట్టేది. ఆ చిరివేరు కూడా ఎక్కడ పడితే అక్కడిది పనికిరాదు, సున్నం ఎక్కువున్న ఇసుక నేలల్లో పెరిగినదానికే ఆ ఎరుపు. కృష్ణా డెల్టా తీరం దానికి పెట్టింది పేరు.

ఇక క్లయింట్ కథ. ఐటీలో పనిచేసినవాళ్లకి ఇది చదువుతుంటే నవ్వొస్తుంది. 1643లో లండన్ నుంచి కంపెనీ డైరెక్టర్లు సూరత్‌లోని తమ మనుషులకి ఒక ఉత్తరం రాశారు. మీరు పంపే దుప్పట్లు ముదురు ఎరుపు నేలతో వస్తున్నాయి, కొనేవాళ్లకి నచ్చడం లేదు, ఇకనుంచి నేల తెల్లగా ఉండాలి, పువ్వులూ కొమ్మలూ రంగుల్లో రావాలి అని. రిక్వైర్‌మెంట్ ఛేంజ్! తర్వాత 1660ల నుంచి నమూనా బొమ్మలు కూడా అక్కడినుంచే పంపడం మొదలుపెట్టారు. కోరమాండల్ చిత్రకారుల చేతిలో ఆ నమూనా ఇంకోటి అయింది. ఇరాన్ చెట్టు, చైనా రాళ్లు, ఇంగ్లీషు ఎంబ్రాయిడరీ ఆకు, మన పువ్వు, అన్నీ ఒకే కాండం మీద. "ట్రీ ఆఫ్ లైఫ్" అని ఇప్పుడు వాల్ హ్యాంగింగ్‌గా అమ్మేది దాన్నే. కాబట్టి ఇది "స్వచ్ఛమైన మన కళ, వాళ్లు దొంగిలించారు" అని ఒక్క ముక్కలో తేల్చేసే కథ కాదు. ఆ తెల్ల నేల వాళ్లు అడిగింది. ఆ నేల మీద చెదరని ఎరుపు మనవాళ్లది. దొంగతనం కూడా జరిగింది, దానికీ వస్తా.

గొడవ మొదలైంది ఇక్కడే. 1690లకల్లా లండన్ ఇళ్లలో పరదాలు, దిండ్లు, కుర్చీలు, మంచాలు, అన్నిటి మీదా మన గుడ్డే. అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్లకి పని పోయింది. 1697లో వాళ్లు ఈస్టిండియా కంపెనీ ఆఫీసు మీద దాడి చేశారు. 1700లో పార్లమెంటు చట్టం చేసింది, రంగు వేసిన ఇండియా గుడ్డలు వాడకూడదని. అయినా ఆగలేదు. 1719లో నేతగాళ్ల గుంపులు లండన్ వీధుల్లో చీటి గుడ్డ కట్టుకున్న ఆడవాళ్లని వెంటపడి, ఒంటిమీది బట్టలు చించేశాయి, యాసిడ్ పోశాయి. 1721లో వచ్చిన చట్టం ఇంట్లోకే వచ్చేసింది. ఒంటికే కాదు, పరదాలకీ కుర్చీలకీ మంచాలకీ కూడా నిషేధం. ఫ్రాన్స్ అయితే అంతకుముందే, 1686 నుంచి 1759 దాకా నిషేధించింది. ఆలోచించండి, బెడ్‌రూమ్‌లో బందరు దుప్పటి ఉంటే నేరం.

మూడో గది ఆ బెడ్‌రూమే. డేవిడ్ గారిక్ అని అప్పట్లో లండన్ రంగస్థలంలో సూపర్ స్టార్. కలకత్తాలో ఉన్న ఇంగ్లీషు మిత్రులు ఆయన భార్యకి మంచం పరదాల కోసం కోరమాండల్ చీటి గుడ్డలు కానుకగా పంపారు. 1775లో కస్టమ్స్ వాళ్లు వాటిని పట్టేసుకున్నారు. అంత పెద్ద నటుడు ఖజానా శాఖ అధికారికి బతిమాలుతూ ఉత్తరం రాయాల్సొచ్చింది. ఆ మంచం, ఆ గుడ్డలు ఇప్పుడు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. ఫోటోలు ఆన్‌లైన్‌లో చూడొచ్చు. ఆకుపచ్చ, తెలుపు రంగుల మంచం. "కాటేజ్ బెడ్‌రూమ్" అని పిన్ చేసుకునే ఫోటోలన్నిటికీ తాత అది.

ఇప్పుడు దొంగతనం. నిషేధం ఉన్నచోట కాపీ పుడుతుంది. 1742లో కేర్దూ అనే జెసూట్ ఫాదర్ మన తీరం నుంచి ఫ్రాన్స్‌కి ఒక పొడవాటి ఉత్తరం రాశాడు. మతం మారిన అద్దకం పనివాళ్లని అడిగి, పాలు, కరక్కాయ, పటిక, వేరు, ఉతుకు, స్టెప్ బై స్టెప్ మొత్తం రాసి పంపాడు. పూర్తి డాక్యుమెంటేషన్. విచిత్రం ఏమిటంటే ఈయన్ని పూర్తిగా విలన్‌ని చేయలేను. తెలుగు, ఫ్రెంచి, సంస్కృతం కలిపి నిఘంటువు తయారుచేసిన మనిషి ఈయనే. సంస్కృతానికీ లాటిన్, గ్రీకులకీ చుట్టరికం ఉందని 1767లోనే, విలియం జోన్స్ కంటే దాదాపు ఇరవై ఏళ్ల ముందు, పారిస్‌కి రాశాడు. మన భాషని ప్రేమించాడు, మన పనివాళ్ల రహస్యాన్ని కూడా పంపేశాడు. చెప్పిన పనివాళ్లకి ఏం ముట్టిందో మాత్రం చరిత్ర పుస్తకాలు పట్టించుకోలేదు.

ఫ్రాన్స్‌లో నిషేధం ఎత్తేసిన మరుసటి ఏడాదే, 1760లో, ఓబెర్‌కాంఫ్ అనే ఆయన పారిస్ దగ్గర జూయీలో అద్దకం ఫ్యాక్టరీ పెట్టాడు. ఇప్పటికీ "తువాల్ ద జూయీ" అని ఖరీదైన కర్టెన్లకి ఆ ఊరి పేరే. తర్వాత మాంచెస్టర్ మిల్లులు, రోలర్ యంత్రాలు. మనవాళ్లు వారాలు కూర్చుని వేసేది అక్కడ నిమిషాల్లో వచ్చేసింది, అదే గుడ్డ ఓడెక్కి మన సంతలకి వచ్చింది. దీనికి తోడు 1864 నవంబర్ 1న వచ్చిన ఉప్పెన బందరులో దాదాపు 30 వేలమందిని మింగేసింది. ఆ దెబ్బ నుంచి ఊరు మళ్లీ పాత రేవుగా లేవలేదు.

పని మాత్రం చావలేదు. బందరు పక్కనే పెడనలో టేకు అచ్చులతో అద్దకం ఇంకా నడుస్తోంది. అటు శ్రీకాళహస్తిలో కలంతో గీసే వ్రాతపని ఉంది. అది గుడి కోసం పుట్టింది, రామాయణ భారత కథలు గుడ్డ మీద వరసగా. 1950లలో కమలాదేవి చట్టోపాధ్యాయ పూనుకుని అక్కడ శిక్షణ కేంద్రం పెట్టించకపోతే దాని సంగతి వేరేగా ఉండేది.

మరి మీ ఇంటి సంగతి. "కలంకారీ" అని ఆన్‌లైన్‌లో 300కి వచ్చే కర్టెన్ పాలిస్టర్ మీద డిజిటల్ ప్రింట్, దాన్ని పక్కన పెట్టండి. పెడనలో కూడా స్క్రీన్ ప్రింట్ జరుగుతుంది. అది తప్పు కాదు గానీ, అచ్చు ధర మాత్రం ఇవ్వకండి. కొనేటప్పుడు గుడ్డ తిప్పి చూడండి. చేత్తో అద్దినదైతే రంగు వెనక్కి కూడా బాగా దిగుతుంది. అచ్చుకీ అచ్చుకీ మధ్య అతుకు దగ్గర కొంచెం జరుగు కనపడుతుంది. ప్రతి పువ్వూ కాపీ పేస్ట్‌లా ఒక్కలాగే ఉంటే అనుమానించండి. మొదట్లో కరక్కాయ, పాల వాసన కూడా కొద్దిగా ఉంటుంది. మా అమ్మ ఆ వాసన చూసే ధర మాట్లాడుతుంది.

ఏ గదికి ఏది అంటే, నా లెక్క ఇది. బెడ్‌రూమ్‌కి తెల్ల నేల పెడన దుప్పటి, నాలుగు వందల ఏళ్ల టెస్టింగ్ అయిన డిజైన్ అది. హాల్‌లో ఒక గోడకి ముదురు ఎరుపు నేలది, లండన్‌వాళ్లు వద్దన్న రంగు, ట్యూబ్‌లైట్ వెలుగులో కూడా బాగుంటుంది. వీడియో కాల్స్ తీసుకునే మూలలో శ్రీకాళహస్తి ముక్క ఒకటి ఫ్రేమ్ కట్టించండి. అద్దానికీ గుడ్డకీ మధ్య కాస్త ఖాళీ ఉంచమని ఫ్రేమ్ షాపువాడికి చెప్పాలి, లేకపోతే తేమకి అంటుకుంటుంది. మొదటిసారి ఉప్పు వేసిన చల్లనీళ్లలో విడిగా తడిపి, నీడలో ఆరేయండి. పడమటి కిటికీకి మాత్రం కర్టెన్‌గా కట్టకండి. చిరివేరు ఎరుపు ఉతుకుని తట్టుకుంటుంది గానీ, మన ఏప్రిల్ ఎండ ముందు ఏ రంగైనా కొన్నేళ్లకి వెలుస్తుంది.