తొందరపాటు మన రక్తంలో లేదు

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

"మీవోళ్లకి ఆవేశం ఎక్కువప్పా, ముందూ వెనకా చూడరు." ఈ మాట మనలో చాలామంది విని ఉంటారు. ఒకప్పుడు ఇలాంటి మాటే చట్టంగా ఉండింది.

1871లో బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది. కొన్ని తెగలు పుట్టుకతోనే నేరస్థులని దాని లెక్క. 1911లో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. మన చిత్తూరు జిల్లా ఏర్పడిందీ ఆ ఏడాదే. ఎరుకల వాళ్లను జాబితాలో చేర్చి వేలిముద్రలు తీసుకున్నారు, హాజరు వేయించారు. 1913లో బాపట్ల వైపు స్టూవర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ సెటిల్‌మెంట్ మొదలైంది.

1924 నాటి చట్టంలో ఇంకో సంగతి ఉంది. 6 ఏళ్లు దాటి 18 నిండని పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే బడుల్లో పెట్టొచ్చు. పిల్లలు చెడిపోకుండా ఇది కాపాడుతుందని వాళ్లు అనుకున్నారు.

ఇప్పటి శాస్త్రం దీనికి ఎదురు చెప్తోంది. ఆలోచించి ఆగే శక్తినిచ్చే మెదడు ముందు భాగం ఇరవై దాటినా ఇంకా ఎదుగుతూనే ఉంటుంది. 17, 18 ఏళ్లప్పుడు తొందరపాటు ఏ కులం పిల్లలకైనా ఉండేదే. దాన్ని పట్టి ఆపేవి ఏవి? ఎక్కడికి పోతున్నావని అడిగే అమ్మానాయన, తిట్టకుండా మాట వినే ఒక పెద్ద మనిషి, మంచి స్నేహితులు, నాది అనిపించే బడి, చాలినంత నిద్ర. అంటే ఆ చట్టం పిల్లలకు కాపుగా ఉండే మనుషులనే దూరం చేసింది. పైగా తప్పు మన పుట్టుకదే అనింది.

మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. యానాదుల మధ్య ఏళ్ల తరబడి పనిచేసిన నెల్లూరు వెన్నెలకంటి రాఘవయ్య లాంటివాళ్లు దానిమీద పోరాడారు.

చట్టం పోయింది గానీ ప్రమాదం పోలేదు. 2015 ఏప్రిల్ 7న మన శేషాచలం అడవిలో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. అందరూ తమిళనాడు వాళ్లే, వాళ్లలో కొండ గిరిజనులూ ఉన్నారు. ఎర్రచందనం నరకడానికి వచ్చారని పోలీసులు చెప్పారు, అది బూటకపు ఎన్‌కౌంటరని హక్కుల సంఘాలు అన్నాయి. ఏది ఏమైనా, ఎర్రచందనం దందాలో అడవికి పంపేది పేదవాణ్ణే. దళారీ చేతిలో డబ్బు పెట్టి "రేపే బయల్దేరు" అంటాడు. ఇంట్లో అడిగే టైము ఇవ్వడు. ఆలోచిస్తే మనం పోమని వానికి బాగా తెలుసు.

ఇప్పుడు మనం తిరుపతి హాస్టళ్లలో ఇంటికి దూరంగా ఉండాం. అందుకే ఒక మాట అనుకుందాం. ఎవరైనా తొందరపెడితే ఒక రాత్రి ఆగుదాం, ఒక మనిషికి ఫోన్ చేద్దాం. సీనియర్లు జూనియర్లకు ఆ మనిషి కావాల. పక్క గది తమ్ముడు రెండు రోజులు కనపడకపోతే, ఏమైందని అడిగేది మనమే.

మీకు అట్లాంటి మనిషి ఎవరు? కింద రాయండి.